బస్సెక్కిన మేనత్త

భర్త మహీధర్ పోయిన ఆరు నెలలకు వసుంధర సేవా క్లబ్బులో చేరింది. చేరమన్నది పార్థసారథి. ఆయన మహీధర్‌కు పాతికేళ్ళ స్నేహితుడు, రాజమండ్రి మనిషి. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాక ఆ క్లబ్బుకు అధ్యక్షుడయ్యాడు. నెలలో మొదటి శనివారం, సింగపూర్‌లో వసుంధర ఉండే క్లెమెంటిలోనే ఒక హాలు మేడ మీద సమావేశమయ్యేవాళ్ళు. మలావీ దేశంలో, ఎయిడ్స్‌తో తల్లిదండ్రులు పోయిన పిల్లలు నలభై మంది ఉండే ఒక ఆశ్రమానికి వీళ్ళు సాయం చేస్తారు. యూనిఫాంలు, పుస్తకాలు, అక్కడి చలికాలానికి స్వెట్టర్లు పంపుతారు. ఒక్కో సభ్యుడు ఒక్కో బిడ్డకు ఉత్తరాలు రాస్తూ ఉంటాడు.

వసుంధర దయతో చేరలేదు. శనివారం పూట నలుగురు మనుషుల మధ్య కూర్చోవచ్చని చేరింది.

మహీధర్ జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. పిల్లలు లేరు. ఒక ఉదయం షిఫ్టుకు బయల్దేరబోతూ షూ లేసు కట్టుకుంటూ అలాగే పక్కకు ఒరిగిపోయాడు. ఆ తర్వాత తొమ్మిదో అంతస్తులోని ఆ ఫ్లాట్ ఆమె ఒక్కదానికి మరీ పెద్దదైంది. మధ్య గది ప్రణవి అనే పిల్లకు అద్దెకిచ్చింది. హనుమకొండ నుంచి వచ్చి యూనివర్సిటీలో రీసెర్చి చేస్తున్న పిల్ల. పొద్దున్నే ల్యాబుకు వెళ్తే చీకటి పడ్డాకే రావడం. మిగతా రోజంతా వసుంధరతో మాట్లాడేది అంతస్తు నంబరు చెప్పే లిఫ్టు ఒక్కటే. కింద కూరగాయల కొట్టు చైనా ముసలాయన ఆమెను చూస్తే ఇవాళ బెండకాయ లేతగా ఉందని ఇంగ్లీషులో చెప్పేవాడు. ఆ ఒక్క మాట కోసం వారం రోజులు వరుసగా బెండకాయలు కొన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

క్లబ్బులో ఆమెకు చిసోమో అనే అమ్మాయిని ఇచ్చారు. పదమూడేళ్ళది. రెండేళ్ళ కిందట తల్లి పోయింది, తండ్రి అంతకు ముందే. పిల్లల ఉత్తరాలను ఆశ్రమం వాళ్ళు స్కాన్ చేసి పంపితే, పార్థసారథి కాగితం మీద తీసి సభ్యులకు ఇచ్చేవాడు. సభ్యులు రాసినవి ముందు ఆయన చదవాలి, ఆ తర్వాతే వెళ్ళాలి. అది ఆశ్రమం పెట్టిన నియమం.

వసుంధరకు ఇంగ్లీషు రాయడం అలవాటు లేదు. మొదటి ఉత్తరం నాలుగుసార్లు రాసి, ప్రణవి చేత తప్పులు దిద్దించుకుంది. ఇక్కడ ఏడాది పొడుగునా వాన పడుతుందనీ, తన కిటికీలోంచి రైలు కనిపిస్తుందనీ రాసింది. చిసోమో జవాబు కాగితానికి రెండు పక్కలా నిండుగా వచ్చింది. లెక్కల్లో తనే ఫస్టట. కొండ మీంచి మంచు దిగితే బడికి వెళ్ళే దారి కనిపించదట. నీ రైల్లో ఎంతమంది కూర్చుంటారు, వాళ్ళందరూ ఎక్కడికి వెళ్తారు అని అడిగింది. వాళ్ళందరూ ఎక్కడికి వెళ్తారో వసుంధర అంతవరకూ ఆలోచించలేదు. ఆ వారం ఆమె పనేమీ లేకపోయినా రైలెక్కి చివరి స్టేషను దాకా వెళ్ళొచ్చి, చూసిందంతా రాసింది.

అలా ఏడాదిన్నర గడిచింది. రెండు నెలలకొకటి వచ్చే ఆ ఉత్తరం కోసం ఆమె రోజులు లెక్కపెట్టుకునేది. నడుము నొప్పెట్టినా కూర్చుని స్వెట్టర్లు అల్లింది. క్లబ్బులో వాళ్ళు వసుంధర ఆంటీ దగ్గరున్నంత ఓపిక ఎవరికీ లేదని అనుకునేవాళ్ళు. సమావేశం అయ్యాక పార్థసారథి కార్లో ఇంటి దగ్గర దింపుతూ, ఇవన్నీ మహీధర్ చూసి ఉంటే ఎంత మురిసిపోయేవాడో అనేవాడు. ఆ మాట రాగానే ఆమె సంచీ తీసుకుని దిగిపోయేది.

తొమ్మిదో ఉత్తరం మిగతా వాటిలా లేదు.

చిసోమో ఆ ఉత్తరంలో మొదటిసారి తల్లి గురించి రాసింది. తల్లి మంచం పట్టాక ఇరుగు పొరుగు అన్నం తెచ్చి గుమ్మం బయట పెట్టి వెళ్ళేవాళ్ళట. ఆ గిన్నె మళ్ళీ తీసుకునేవాళ్ళు కాదట. తండ్రి చెల్లెలు, పట్నంలో ఉండే అత్త, తల్లి చనిపోయినప్పుడు వచ్చిందట. రెండు రోజులుండి, చిసోమోకు తల దువ్వి, మూడో రోజు ఆశ్రమంలో దింపి బస్సెక్కి వెళ్ళిపోయిందట. మళ్ళీ రాలేదు.

'నాకు ఆమె మీద కోపం లేదు' అని రాసింది చిసోమో. 'కానీ ఆ బస్సులో కూర్చుని ఆమె ఏమనుకుందో తెలుసుకోవాలని ఉంది. ఇక్కడ ఎవరినడిగినా దేవుణ్ణి ప్రార్థించమంటున్నారు. మీరు కూడా ఎవరికో ఒకరికి అత్త అయ్యే ఉంటారు. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను.'

ఆ ఉత్తరాన్ని వసుంధర హాల్లోనే చదివింది. పక్కనే ఎవరో పుస్తకాలు పెట్టెల్లో సర్దుతూ ఆమెను టేపు అందించమని అడిగారు. ఆమె అందించింది. తర్వాత తలనొప్పిగా ఉందని చెప్పి, కారు కోసం ఆగకుండా, వానలో తడుస్తూ నడిచి ఇంటికి వచ్చింది.

వసుంధరది చిలకలూరిపేట. ఆమెకు ఒకే ఒక తమ్ముడు, గణపతి. సొంత లారీ నడిపేవాడు. పత్తి, మిరపకాయలు వేసుకుని కలకత్తా దాకా వెళ్ళేవాడు. వచ్చేటప్పుడు అక్కకోసం అక్కడి చీరలు తెచ్చేవాడు. రెండువేల ఒకటిలో పోయాడు. ముందు క్షయ అన్నారు. పోయాక అసలు జబ్బు పేరు పేటంతా తెలిసింది. అప్పుడు ఆమె సింగపూర్ నుంచి కదల్లేదు. టికెట్ దొరకలేదని చెప్పింది. రెండేళ్ళకు అతని భార్య కొండమ్మ కూడా అదే జబ్బుతో పోయింది. అప్పుడు వెళ్ళింది.

వాళ్ళకు ఒక్క కూతురు, అమూల్య. ఆరేళ్ళది. ఇంటి ముందు వేసిన టెంటు కింద పిల్ల ఒక్కతే ఒక మూల కూర్చుని, వేరే పెట్టిన సత్తుపళ్ళెంలో అన్నం తింటోంది. కొండమ్మ వైపు వాళ్ళు ఎవరూ రాలేదు. పిల్ల మేనత్త మొహం అంతకు ముందు ఒక్కసారే చూసింది. అయినా గుర్తుపట్టి, వచ్చి కొంగు పట్టుకుంది. ఇక వదల్లేదు.

మూడో రోజు వసుంధర బూత్ నుంచి మహీధర్‌కు ఫోన్ చేసింది. అతను సగం మాట కూడా వినలేదు. "తీసుకొచ్చెయ్ వసూ. కాగితాల సంగతి నేను చూసుకుంటా," అన్నాడు. అతని గొంతులో ఆమె ఎన్నడూ వినని సంతోషం ఉంది. ఆమె సరేనంది. పెట్టేసింది.

మర్నాడు పిల్లను గుంటూరు తీసుకెళ్ళి, అమ్మానాన్నలు లేని ఆడపిల్లల కోసం సిస్టర్లు నడిపే హాస్టల్లో చేర్చింది. పిల్లకు జబ్బు ఉందో లేదో పరీక్ష చేయించలేదు. ఉందని తేలుతుందేమోనని భయం, లేదని తేలితే తీసుకెళ్ళక తప్పదేమోనని ఇంకో భయం. వదిలించుకుని వచ్చేటప్పుడు పిల్ల గట్టిగా పట్టుకుంటే ఆమె చేతి మీద గోటి గీత పడింది. చెన్నై బస్సెక్కింది. ఆ ప్రయాణమంతా ఆమె ఆ గీతనే చూసుకుంటూ కూర్చుంది. బస్సు ఆగిన చోటల్లా దిగి డెటాల్ పోసి కడుక్కుంది.

మహీధర్‌తో కొండమ్మ అక్క పిల్లను పెంచుకుంటానని పట్టుబట్టిందని చెప్పింది. అతను నమ్మాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు దీపావళికి ముందు మనవాళ్ళ దుకాణాలుండే సెరంగూన్ రోడ్డుకు వెళ్ళి, వయసు లెక్కకట్టి ఒక గౌను కొని తెచ్చేవాడు. వసుంధర దాన్ని పేట వెళ్ళేవాళ్ళతో పంపానని చెప్పి, ఎవరో తెలిసినవాళ్ళ పిల్లలకు ఇచ్చేసేది. అమూల్య ఏం చదువుతోందని అడిగితే ఏదో ఒక క్లాసు చెప్పేది. ఏటా ఒకటి పెంచి చెప్పేది. అలా అబద్ధంలోనే ఆ పిల్ల ఇంటర్ పాసైంది.

ఇదంతా ఆమె చిసోమోకు రాసింది. మూడు రోజులు పట్టింది. ప్రణవి చేత దిద్దించుకోలేదు.

ప్రణవి మాత్రం గమనించింది. ఒక సాయంత్రం త్వరగా వచ్చి, వంటింట్లో తాకకుండా ఉన్న అన్నం గిన్నె చూసి ఆమె గది తలుపు దగ్గర నిలబడింది.

"ఏమైందాంటీ? రెండు మూడ్రోజులైతాంది, మీరు మంచిగ తింటలేరు. నాతో చెప్పొద్దా?"

తర్వాత చెప్తానంది వసుంధర.

ఉత్తరం తీసుకుని పార్థసారథిని కలవడానికి వెళ్ళింది. ఇంటి దగ్గర, చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌కు రమ్మన్నాడాయన. ఉదయం తొమ్మిదింటికి అక్కడ ముసలివాళ్ళే ఎక్కువ. టిష్యూ ప్యాకెట్ పెట్టి ముందే ఆపుకున్న బల్ల దగ్గర, రెండు కప్పుల కాఫీ ముందు పెట్టుకుని ఆయన చదవడం మొదలుపెట్టాడు. చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చివరి దాకా చదివి, కాగితాలు మడిచి, ఆమెకు ఇవ్వకుండా తన చేతి కిందే పెట్టుకున్నాడు.

"మహీధర్‌కి తెలుసా?"

"తెలీదండి."

"ఆ గౌన్లు కొనేటప్పుడు రెండు మూడు సార్లు నేనూ వెళ్ళానమ్మా అతనితో."

ఆయన ఈ ఉత్తరం పంపలేనని చెప్పాడు. చిన్న పిల్లకు ఇది మోయలేని బరువవుతుంది, నియమం అని కాదు, నియమం లేకపోయినా పంపకూడదు అన్నాడు. తెలుగూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడే ఆయన ఆ పూట అంతా తెలుగులోనే మాట్లాడాడు.

"ఆ పిల్ల నిజం అడిగింది సారథి గారూ."

"అడిగింది. ఆమె అత్త గురించి అడిగింది. మీరు మీ గురించి రాశారు. ఇది రాయాల్సింది ఆ పిల్లకు కాదు కదమ్మా."

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది, కానీ తప్పు పట్టడానికి అందులో ఏమీ దొరకలేదు. ఇంటికి వచ్చి ఇంకో ఉత్తరం రాసింది. పది వాక్యాలు.

'మీ అత్త ఏమనుకుందో నాకు తెలియదు. కానీ నేనూ ఒకసారి అలాంటి బస్సెక్కాను. నేను చాలా భయపడ్డాను. ఎంత భయపడ్డానంటే, నేను వదిలి వచ్చిన బిడ్డ కూడా భయపడుతూ ఉంటుందని నాకు తోచలేదు. ఆ బిడ్డలో ఏ లోపమూ లేదు. నువ్వు నీలో లోపం వెతుక్కోకు.'

మొత్తం మీద ఇదే సారాంశం. పార్థసారథి ఒక్క అక్షరం మార్చకుండా పంపాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ప్రణవికి అంతా చెప్పింది. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతుందేమో అనుకుంది. ఆ పిల్ల కంచంలో చెయ్యి కడిగేసుకుని, హాస్టల్ పేరేందని మాత్రం అడిగింది. మర్నాడు నంబరు పట్టుకుంది. ఫోన్ ఎత్తిన సిస్టర్ పాత రికార్డులు చూసి, అమూల్య ఇష్టపడితేనే నంబరు ఇస్తామంది. తొమ్మిది రోజులు ఏ కబురూ రాలేదు. ఆ తొమ్మిది రోజులూ వసుంధర ఫోనును వంటింట్లోకి, స్నానాల గది గుమ్మం దాకా వెంట తిప్పింది. పదో రోజు నంబరు వచ్చింది. దాంతో పాటు ఒక మాట. ఆదివారం మధ్యాహ్నం రెండు తర్వాత అయితే మాట్లాడుతుందట.

సింగపూర్‌లో అప్పుడు నాలుగున్నర. ప్రణవి తోడుంటానంది గానీ వసుంధర వద్దని ఆమెను బయటికి పంపేసింది.

"హలో, ఎవరండీ?" అంది అవతలి గొంతు. గణపతి గొంతులాగే చివర్న కాస్త సాగుతుంది.

"నేను అమ్మా, మీ మేనత్తని. వసుంధరని."

"చెప్పండి."

ఆమె ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుంది. ఆ కాగితం చూడకుండానే చెప్పేసింది. భయపడి వదిలేశానని, మామయ్య తీసుకురమ్మన్నా తేలేదని, ఆయనతో అబద్ధం చెప్పానని. ఏడవకూడదనుకుంది, ఏడవలేదు. అవతల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. అమూల్య ఏదో పని చేసుకుంటూనే వింటోంది. అంతా అయ్యాక ఆ చప్పుడు ఆగింది.

"నాకు ఆ జబ్బు లేదండి. ఎనిమిదో ఏట సిస్టర్లు టెస్ట్ చేయించారు." అంది అమూల్య. "కానీ ఉంటే మాత్రం? ఉన్నా తీసుకెళ్ళాల్సిందే కదండీ."

"అవునమ్మా," అంది వసుంధర.

అమూల్య తన సంగతులు ముక్తసరిగా చెప్పింది. నర్సింగ్ చదివింది. ఒంగోల్లో ఒక ఆసుపత్రిలో పని. పెళ్ళయింది, మూడేళ్ళ కూతురుంది. భర్తకు అమ్మానాన్నల సంగతి అంతా తెలుసు. తనకేమీ అక్కర్లేదని, డబ్బులూ అవీ పంపొద్దని ముందే చెప్పేసింది. మళ్ళీ ఫోన్ చెయ్యవచ్చా అని వసుంధర అడిగింది.

"చెయ్యొద్దని అననండి. నేను మాత్రం చెయ్యను. ఎందుకో నా మనసు ఒప్పదు."

అంతే. ఫోన్ పెట్టేశాక వసుంధర రాసుకున్న కాగితాన్ని మడిచి పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. అమూల్య 'అత్తా' అని ఒక్కసారి కూడా పిలవలేదని, మాట్లాడినంతసేపూ ఆసుపత్రికి వచ్చిన మనిషితో మాట్లాడినట్టు 'అండి' అనే అందని తర్వాత గుర్తొచ్చింది.

ఆ తర్వాత క్లబ్బులో ఎవరికీ ఏమీ తెలియలేదు. పార్థసారథి ఎవరికీ చెప్పే మనిషి కాదు. ఆమెను మునుపటిలాగే వసుంధర గారూ అని మర్యాదగా పలకరించేవాడు. కానీ సమావేశం అయ్యాక ఆయనకు ఏదో పని ఉండేది, కారు వేరే దారిన వెళ్ళేది. మహీధర్ పేరు మాత్రం ఆయన మళ్ళీ ఎత్తలేదు. స్నేహితుడి తరఫున ఆయనకు కష్టం కలిగిందని ఆమెకు అర్థమైంది. బస్సులో ఇంటికి రావడం అలవాటు చేసుకుంది.

చిసోమో జవాబు జూలైలో వచ్చింది. అందులో సగానికి పైగా లెక్కల పోటీ గురించి ఉంది. జిల్లాలో రెండో స్థానమట. చలి ఎక్కువగా ఉందట, స్వెట్టరు పొట్టిదైపోయిందట. అడుగున రెండు వాక్యాలు వేరే సిరాతో రాసి ఉన్నాయి. 'మీ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను. మీరు ఆ బిడ్డకు చెప్పారా?'

చెప్పానని రాసింది వసుంధర. ఆమె ఏమందో మాత్రం రాయలేదు. ఈసారి స్వెట్టరును చేతులు పొడుగ్గా పెట్టి అల్లింది. ఏడాది చివర చిసోమోకు దూరంగా ఉన్న ఒక బోర్డింగ్ స్కూల్లో సీటొచ్చింది. ఆశ్రమం పద్ధతి ప్రకారం ఉత్తరాలు ఆగిపోయాయి. పార్థసారథి ఆమెకు ఇంకో పేరు ఇచ్చాడు. ఏడేళ్ళ పిల్ల, ఇంకా అక్షరాలు సరిగా రావు, బొమ్మలు గీసి పంపుతుంది. వసుంధర కూడా బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. చిసోమో ఎలా ఉందని ఒకసారి అడిగింది. బాగానే ఉండి ఉంటుందన్నారు.

ప్రణవి థీసిస్ ఇచ్చి హైదరాబాద్ వెళ్ళిపోయింది. మధ్య గదికి ఇంకా ఎవరూ రాలేదు.

ప్రతి ఆదివారం నాలుగున్నరకు వసుంధర ఒంగోలుకు ఫోన్ చేస్తుంది. నాలుగుసార్లు చేస్తే ఒకసారి ఎత్తుతుంది అమూల్య. డ్యూటీ మారిందనో, పాపకు జలుబు చేసిందనో రెండు మాటలు చెప్తుంది. వసుంధర ఎక్కువ అడగదు. అడిగే హక్కు లేదని ఆమెకు తెలుసు. పాపకు గౌను పంపనా అని ఒకసారి నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

మొన్న ఆదివారం మాత్రం మాటలన్నీ అయిపోయాక కూడా అమూల్య ఫోన్ పెట్టలేదు.

"మా నాన్న ఎలా ఉండేవారండీ?" అని అడిగింది. "ఫొటో ఏమీ లేదు నా దగ్గర. పాప ముక్కు ఎవరిదో తెలియట్లేదు. మా ఆయన వైపు ఎవరికీ లేదు."

వసుంధర సోఫాలో సర్దుకుని కూర్చుంది. గణపతి పొడగరి అని చెప్పింది. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడితే ముక్కు దూలం దగ్గర చిన్న వంపు వచ్చిందనీ, అది పుట్టుకతో వచ్చింది కాదు గనక పాపది అది అయ్యుండదనీ, చివర మాత్రం కొద్దిగా కిందికి దిగి ఉండేదనీ చెప్పింది. అది అమూల్య వాళ్ళ నాయనమ్మ ముక్కు. లారీ తోలేటప్పుడు పాడేవాడు, ఒక్క పాటా పూర్తిగా వచ్చేది కాదు. మిరపకాయల లోడు వేసుకొచ్చిన రోజు వీధి మొదట్లో ఉండగానే అందరికీ తుమ్ములు వచ్చేవి.

అవతల చిన్నగా నవ్విన చప్పుడయింది. అది నవ్వో, ఫోన్లో గరగరో వసుంధరకు తేలలేదు.

"సరేనండి. పాప లేచింది," అంది అమూల్య.

ఫోన్ ఆగిపోయింది. గణపతి చేతికి ఆరో వేలు మొలక ఉండేదని, దాన్ని ఎవరికీ చూపించేవాడు కాదని చెప్పడం మర్చిపోయానే అనుకుంది వసుంధర. వచ్చే ఆదివారం ఎత్తితే చెప్పాలనుకుంది. లేచి వెళ్ళి, ఆ ఒక్క మాటా మర్చిపోకుండా ఒక కాగితం మీద రాసి పెట్టుకుంది. కిటికీ అవతల వాన మొదలైంది. ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్ళింది.